ఎలిజబెత్ కాటన్ - తలకిందుల గిటార్

గిటార్ కొత్తగా పట్టుకున్నవాళ్ళకి మొదటి నెలలో అర్థమయ్యేవి మూడు సంగతులు. తీగలు నొక్కే వేళ్ళ కొసలు మండుతాయి. ఒక కార్డ్ నుంచి ఇంకో కార్డ్‌కి వేళ్ళు మారేలోపు పాట మనల్ని దాటి వెళ్ళిపోతుంది. ఇక మూడోది అన్నిటికంటే కష్టం: బొటనవేలు ఒక పని, మిగతా వేళ్ళు ఇంకో పని ఒకేసారి చెయ్యాలంటే అస్సలు మాట వినవు. ఈ మూడో కష్టం దాటించడానికి ఎన్నో దేశాల్లో గిటార్ నేర్పేవాళ్ళు శిష్యులకి ఇచ్చే పాట ఒకటుంది. దాని పేరు ఫ్రైట్ ట్రైన్, అంటే గూడ్సు బండి. నాకూ అదే ఇచ్చారు. నిజంగానే గూడ్సు బండిలా నిదానంగా, ఆగకుండా నడుస్తుంది. వినడానికి చాలా తేలిక. వాయించబోతే తెలుస్తుంది.

ఇది ఎవరో పెద్ద విద్వాంసుడు విద్యార్థుల కోసం కట్టిన అభ్యాసం అనుకున్నాను. కాదు. పదకొండు, పన్నెండేళ్ళ వయసులో ఒక పనిపిల్ల కట్టిన పాట అది. ఆ పిల్ల పేరు ఎలిజబెత్ నెవిల్స్. పెళ్ళయ్యాక ఎలిజబెత్ కాటన్.

ఈసారి గోడపత్రికకి ప్రసిద్ధుల జీవితాలు రాయాలనుకున్నప్పుడు మన క్లాసులో వీరేశలింగం గారి పేరు, దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి పేరు ముందే అయిపోయాయి. నేను ఈవిడని తీసుకున్నాను. కారణం ఏంటంటే, ఈవిడ గిటార్ ఒకసారి కాదు, రెండుసార్లు నేర్చుకున్నారు. మొదటిసారి పన్నెండేళ్ళ లోపు. రెండోసారి యాభై దాటాక. ఆ రెండింటి మధ్య ఏం జరిగిందో మనం, అంటే ఇంకో ఏడాదిలో డిగ్రీ చేతికి తీసుకోబోయే ఆడపిల్లలం, తెలుసుకోవాలని నాకు అనిపించింది.

ఆమె 1893 జనవరి 5న అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలో పుట్టింది. ఊరు చాపెల్ హిల్ పక్కనే ఉన్న కార్బరో. ఆమె పుట్టేనాటికి ఊరికి ఆ పేరు ఇంకా రాలేదు. అయిదుగురు పిల్లల్లో ఆఖరిది. వాళ్ళది నల్లజాతి కుటుంబం. చట్టంలో బానిసత్వం పోయి అప్పటికి 28 ఏళ్ళే అయింది. చట్టంలో పోయినవన్నీ వీధిలో పోవని మనకి తెలుసు కదా. చాపెల్ హిల్‌లో ఒక పెద్ద యూనివర్సిటీ ఉంది. 1795 నుంచి అక్కడ పాఠాలు జరుగుతున్నాయి. కానీ అందులో డిగ్రీ చదవడానికి నల్లజాతి విద్యార్థులని మొదటిసారి చేర్చుకున్నది 1955లో. అప్పటికి ఎలిజబెత్‌కి 62 ఏళ్ళు. పక్క ఊళ్ళోనే అంత చదువు ఉన్నా ఆ పిల్లకి అందింది మాత్రం కొద్దిపాటి బడి చదువే.

ఆ బడి చదువులో ఒక ముచ్చట ఉంది. ఇంట్లో అందరూ ఆమెని చెల్లి అనో, పాప అనో పిలిచేవాళ్ళు. సరైన పేరంటూ వాడుకలో లేదు. బళ్ళో చేరిన మొదటిరోజు టీచర్ పేరు అడిగితే ఆ పిల్ల ఎలిజబెత్ అని చెప్పేసింది. ఆ పేరు తనకి నచ్చింది, అంతే. మనకి బారసాలలో బియ్యంలో రాసి పెట్టే పేరు, ఈ పిల్ల హాజరు పట్టీ ముందు నిలబడి తనకి తనే పెట్టుకుంది. ఆ తర్వాత జీవితంలో చాలా విషయాలు ఆమె చేతిలో లేకుండా పోయాయి. పేరు మాత్రం ఆమె పెట్టుకున్నదే.

ఏడెనిమిదేళ్ళ వయసులో వాద్యం మీద మనసు పడింది. అన్నకి ఒక బాంజో ఉండేది. బాంజో అంటే గుండ్రటి డప్పుకి పొడుగాటి మెడ తగిలించి తీగలు బిగించినట్టుంటుంది. అన్న పనికి వెళ్ళగానే చెల్లెలు ఆ బాంజో తీసేది. నేర్పేవాళ్ళు ఎవరూ లేరు. చుట్టుపక్కల ఎవరైనా పాడితే, వాయిస్తే చెవిన వేసుకుని ఇంటికొచ్చి ఆ చప్పుడు వచ్చేదాకా వెతకడమే చదువు. ఒక్కోసారి తీగ తెగేది. అన్న వచ్చేవేళకి ఈ పిల్ల కనపడేది కాదు.

ఇక్కడే అసలు చిక్కు వచ్చింది. ఆ పిల్లది ఎడమచేతి వాటం.

గిటార్ ఎప్పుడూ పట్టనివాళ్ళ కోసం కాస్త వివరంగా చెప్తాను. గిటార్‌కి ఆరు తీగలు. ఒళ్ళో పెట్టుకుంటే పైవైపు మూడు లావు తీగలు, నేలవైపు మూడు సన్న తీగలు వస్తాయి. లావు తీగలు మంద్రంగా పలుకుతాయి, సన్నవి పైస్థాయిలో పలుకుతాయి. మామూలుగా ఎడమచెయ్యి మెడ మీద తీగలు నొక్కుతుంది, కుడిచెయ్యి మీటుతుంది. ఫ్రైట్ ట్రైన్ లాంటి పాటలో కుడి బొటనవేలు లావు తీగల మీద ఒకటి విడిచి ఒకటి కొడుతూ నడక నిలబెడుతుంది. మృదంగం పని అది చేస్తుందన్నమాట. చూపుడువేలు, మధ్యవేలు సన్న తీగల మీద పాట పలికిస్తాయి.

ఎడమచేతి వాటం ఉన్నవాళ్ళకి ఇక్కడ మూడు దారులు. ఒకటి, ఎడమచేతి వాళ్ళ కోసమే చేసిన గిటార్ కొనుక్కోవడం. రెండు, మామూలు గిటార్‌కి తీగలన్నీ విప్పి వరస మార్చి కట్టుకోవడం. జిమీ హెండ్రిక్స్ చేసింది ఇదే. మూడు, నోరు మూసుకుని కుడిచేత్తో నేర్చుకోవడం. ఎలిజబెత్ ఈ మూడింట్లో ఏదీ చెయ్యలేదు. బాంజో అన్నది. దాని తీగలు విప్పి మార్చే హక్కు చెల్లెలికి ఎక్కడిది? అందుకని వాద్యాన్ని అలాగే తిప్పి పట్టుకుంది. తర్వాత సొంత గిటార్ వచ్చినా అలవాటైన పట్టు మారలేదు. దాంతో తీగల వరస మొత్తం తలకిందులైంది. లావు తీగలు నేలవైపుకి పోయాయి, సన్నవి పైకి వచ్చాయి. బొటనవేలికి అందేది సన్న తీగలు. కాబట్టి పాట బొటనవేలు పాడింది. నడక చూపుడువేలు నడిపింది. పుస్తకంలో ఉన్న కార్డులన్నీ ఆమె చేతిలో బోర్లా పడ్డాయి.

ఫలితం ఏమైందంటే, చేతిలో అన్నిటికంటే బలమైన వేలు పాట మీద పడింది. అందుకే ఆమె వాయిస్తే పాట ఒక్కో అక్షరం గుండ్రంగా, విడివిడిగా వినపడుతుంది. కింద నడక మెత్తగా దొర్లుతూ ఉంటుంది. ఆ పద్ధతికి తర్వాత ఆమె ఇంటిపేరుతోనే కాటన్ పికింగ్ అని పేరొచ్చింది. ఇవాళ కుడిచేతి వాళ్ళు మామూలు గిటార్ మీద ఆ మోత తెప్పించాలని ఏళ్ళ తరబడి కష్టపడతారు.

ఇది చదివినప్పుడు నేను కాసేపు పుస్తకం పక్కన పెట్టాను. నాది కూడా ఎడమచేతి వాటమే. మా ఇల్లు రెండు భాషల ఇల్లు. అమ్మవాళ్ళు తెలుగు, నాన్నవాళ్ళు తమిళం. అమ్మమ్మ నన్ను పుర్రచెయ్యి పిల్ల అంటుంది. పాట్టి అయితే అన్నం పెట్టేటప్పుడు సోత్తాంగై ఎక్కడ అని అడిగేది. సోత్తాంగై అంటే అన్నం తినే చెయ్యి, కుడిచెయ్యి. కుడిచెయ్యికి రెండు భాషల్లోనూ అన్నం ఉంది, చూడండి. మన తెలుగులో కుడవడం అంటే తినడమే కదా. ఎడమచెయ్యికి ఏ భాషలోనూ అన్నం లేదు! బలపం పట్టినప్పుడు చెయ్యి మార్చారు, చెంచా పట్టినప్పుడు మార్చారు. గిటార్ క్లాసులో సార్ కూడా మొదటిరోజే మార్చారు. ఆయన్ని తప్పు పట్టడం లేదు. ఎడమచేతి గిటార్ చెన్నైలో అంత తేలిగ్గా దొరకదు, దొరికినా ధర ఎక్కువ. నాది ట్యూషన్ డబ్బుతో కొన్న సెకండ్ హ్యాండ్ గిటార్. కానీ ఒకసారి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, గిటార్ తిప్పి పట్టుకుని చూశాను. రాలేదు. అయినా ఆ పిల్ల చెయ్యి ఎక్కడ ఉండి ఉంటుందో నా చెయ్యికి ఒక్క నిమిషం తెలిసింది.

మళ్ళీ కథలోకి వస్తాను. అన్న పెద్దవాడై ఊరు విడిచి వెళ్ళాడు. బాంజో కూడా అన్నతోనే వెళ్ళిపోయింది. ఎలిజబెత్‌కి వాయించడానికి ఏమీ లేకుండా పోయింది. తొమ్మిదేళ్ళకే బడి మానేసిన పిల్ల అప్పటికే ఇళ్ళల్లో పనికి కుదిరింది. నెలకి డాలరు మించని జీతం. ఊడవడం, వంటలో సాయం, పిల్లల్ని చూసుకోవడం. ఆ జీతం అమ్మ దాచిపెట్టింది. అలా దాచిన డబ్బుతో 3 డాలర్ల 75 సెంట్లు పెట్టి ఒక గిటార్ కొన్నారు. స్టెల్లా అని, అప్పట్లో చవగ్గా దొరికే రకం. లెక్క వేస్తే నాలుగు నెలల జీతానికి తక్కువ కాదు. నెలల తరబడి వేరేవాళ్ళ ఇల్లు ఊడిస్తే వచ్చిన గిటార్ అది. ఆ తర్వాత ఆ పిల్ల ఎంత వాయించిందంటే ఇంట్లో ఎవరికీ నిద్ర లేదట.

వాళ్ళ ఇంటికి దగ్గర్లోనే రైలుకట్ట. గూడ్సు బళ్ళు వెళ్ళే చప్పుడు ఇంట్లోకి వినపడేది. ఆ చప్పుడు నుంచే ఫ్రైట్ ట్రైన్ పుట్టింది. ఆ వయసు పిల్ల కట్టిన పాటే అయినా అందులో చావు సంగతి ఉంది, తను పోయాక కూడా ఆ బండి చప్పుడు వినపడాలన్న కోరిక ఉంది. ఇంకో పాట కథ వింటే నవ్వొస్తుంది. పక్కింటి ఆవిడ ఒకరు ఈ పిల్ల మీద అమ్మకి చాడీ చెప్పింది. చెయ్యని తప్పుకి శిక్ష పడింది. ఆ ఉక్రోషం కూడా పాటే అయింది. దాని పేరు ఓ బేబ్, ఇట్ ఎయింట్ నో లై. చాలా ఏళ్ళ తర్వాత గ్రేట్‌ఫుల్ డెడ్ అనే పేరున్న రాక్ బృందం దాన్ని వాయించింది. చాడీ చెప్పిన ఆవిడకి తను ఎంత పెద్ద పాటకి కారణమైందో తెలిసే అవకాశం లేదు.

1910లో పెళ్ళయింది. ఆమెకి 17 ఏళ్ళు. భర్త ఫ్రాంక్ కాటన్. ఒక కూతురు పుట్టింది, పేరు లిల్లీ. అదే రోజుల్లో ఆమె చర్చిలో చేరారు. ఇలాంటి లోకం పాటలు దేవుడి పాటలు కావు, మానెయ్యమని చర్చి పెద్దలు చెప్పారు. ఇల్లు, బిడ్డ, పని, చర్చి. గిటార్ పక్కకి జరిగింది. ఎప్పుడో ఒకసారి చర్చిలో వాయించడం తప్ప, పాతికేళ్ళకు పైనే ఆమె గిటార్ జోలికి పోలేదు.

ఈ పాతికేళ్ళ గురించి పుస్తకాల్లో ఒక్క వాక్యమే ఉంటుంది. ఆ వాక్యం నన్ను వదల్లేదు. ఎందుకంటే అలాంటి వాక్యం మా ఇంట్లో కూడా ఒకటుంది. మా అమ్మమ్మకి పెళ్ళికి ముందు వీణ వచ్చు. గీతాలు, స్వరజతులు దాటి వర్ణాల దాకా వెళ్ళిందట. ఇప్పుడు ఆ వీణ పాత చీరలో చుట్టి అటక మీద ఉంది. ఎప్పుడు ఆపేశావు అమ్మమ్మా అని అడిగాను. ఆలోచించింది కానీ చెప్పలేకపోయింది. ఆపిన రోజు అంటూ ఒకటి లేదు. ముందు వారానికోసారి, తర్వాత నెలకోసారి, తర్వాత నవరాత్రులకి బొమ్మల కొలువు ముందు మాత్రం. ఒక ఏడాది తీగ తెగితే కొత్తది వేయించలేదు. ఎవరూ వద్దనలేదు కూడా. వద్దంటే కనీసం పోట్లాడి ఉండేదాన్నేమో అని నవ్వింది. ఎలిజబెత్ గారికి చర్చి పెద్దలు వద్దన్నారు. అమ్మమ్మకి ఆ మాట అనడానికి కూడా ఎవరూ అక్కర్లేకపోయింది.

కాటన్ కుటుంబం పనుల కోసం ఊళ్ళు మారుతూ తిరిగింది. కూతురికి పెళ్ళయ్యాక ఆమె భర్త నుంచి విడాకులు తీసుకుని వాషింగ్టన్‌లో కూతురి కుటుంబంతో ఉన్నారు. అక్కడ లాన్స్‌బర్గ్స్ అనే పెద్ద దుకాణంలో పని చేశారు. 1940ల చివర్లో ఒకరోజు ఆ దుకాణంలో ఒక చిన్నపిల్ల తప్పిపోయింది. కాటన్ గారు ఆ పిల్లని పట్టుకుని తల్లికి అప్పగించారు. పిల్ల పేరు పెగ్గీ సీగర్. తల్లి రూత్ క్రాఫర్డ్ సీగర్. ఆ పరిచయంతో కాటన్ గారు సీగర్ల ఇంట్లో పనికి కుదిరారు.

సినిమాలో ఇలా రాస్తే నమ్మం. ఎందుకంటే అది మామూలు ఇల్లు కాదు. తండ్రి చార్లెస్ సీగర్ సంగీత పరిశోధకుడు. ఆయన మొదటి భార్య కొడుకు పీట్ సీగర్ అమెరికాలో పేరుమోసిన జానపద గాయకుడు. రూత్ స్వయంగా స్వరకర్త. స్వరరచనకి గుగ్గెన్‌హైమ్ ఫెలోషిప్ అందుకున్న మొదటి మహిళ, 1930లో. కానీ పెళ్ళయి పిల్లలు పుట్టాక చాలా ఏళ్ళు ఆమె సొంత స్వరరచన దాదాపు ఆగిపోయింది. ఆ కాలమంతా జానపద పాటలు విని స్వరం రాయడంలో, పిల్లలకి పాటల పుస్తకాలు తయారుచెయ్యడంలో గడిపారు. అంటే ఆ ఒక్క కప్పు కింద తన సంగీతం పక్కన పెట్టిన ఆడవాళ్ళు ఇద్దరున్నారు. ఒకరు యజమానురాలు, ఒకరు పనిమనిషి. జీతం ఇచ్చే చెయ్యి, తీసుకునే చెయ్యి వేరు. నల్లవాళ్ళకి, తెల్లవాళ్ళకి మధ్య ఉన్న దూరం ఆ వంటింట్లోనూ ఉంది. ఆ తేడా చిన్నదని నేను అనడం లేదు. ఇద్దరి పాటా ఆగింది మాత్రం ఒకే మలుపులో.

ఆ ఇంట్లో చిన్నపిల్ల పెన్నీకి ఎలిజబెత్ అనే పేరు నోరు తిరగక లిబ్బా అంది. ఆ పేరే నిలిచిపోయింది. ఇప్పటికీ ఆమెని లిబ్బా కాటన్ అనే పిలుస్తారు.

సీగర్ల వంటింటి గోడకి ఒక గిటార్ వేలాడుతూ ఉండేది. పిల్లలు ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసి వాయించుకునేవాళ్ళు. ఒకరోజు పెగ్గీ వంటింట్లోకి వచ్చేసరికి లిబ్బా ఆ గిటార్ తీసుకుని, తలకిందులుగా పట్టుకుని, వాయిస్తున్నారు. ఇంటినిండా సంగీతం తెలిసినవాళ్ళున్నా, తమకి వంట చేసి పెట్టే మనిషికి వాయించడం వచ్చని అప్పటిదాకా వాళ్ళెవరికీ తెలీదు. వాళ్ళు ఎక్కడెక్కడి నుంచో పాటలు సేకరించి రాసుకుంటున్నారు. అలాంటి పాటలు పక్కన పొయ్యి దగ్గరే ఉన్నాయి.

అలా యాభై దాటాక ఆమె మళ్ళీ మొదలుపెట్టారు. గిటార్ పట్టి నాలుగు నెలలైన మనిషిగా ఇక్కడ నాకు తెలిసిన ఒక మాట చెప్తాను. రోజూ వాయిస్తుంటే వేళ్ళ కొసల మీద చర్మం గట్టిపడి మంట పోతుంది. సెమిస్టర్ పరీక్షలకి మూడు వారాలు మానేస్తే చాలు, ఆ చర్మం మెత్తబడి మంట మళ్ళీ మొదటికొస్తుంది. పాతికేళ్ళ తర్వాత పట్టుకున్నవాళ్ళకి ఎలా ఉండి ఉంటుందో ఊహించండి. పైగా ఆ వేళ్ళు పాతికేళ్ళూ ఖాళీగా లేవు. గిన్నెలు తోమాయి, బట్టలు ఉతికాయి. అయినా పాత పాటలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. వాటితోపాటు కొత్తవీ వచ్చాయి.

1950ల మధ్యలో పెగ్గీ ఇంగ్లండ్ వెళ్ళి అక్కడ ఫ్రైట్ ట్రైన్ పాడింది. విన్నవాళ్ళలో ఇద్దరు దాన్ని తమ పాటగా రాయించుకున్నారు. 1957లో చాస్ మెక్‌డెవిట్ బృందం, నాన్సీ విస్కీ గొంతుతో, ఆ పాటని ఇంగ్లండ్ అంతటా మోగించింది. పాట రేడియోలో వస్తోంది. కట్టిన మనిషి వాషింగ్టన్‌లో ఇళ్ళల్లో పని చేస్తోంది. పాట మీద పేరు వేరేవాళ్ళది. తర్వాత సీగర్ కుటుంబం పట్టుపట్టడంతో ఆమె పేరు ఆ పాటకి చేరింది. పిల్లగా ఉన్నప్పుడు పేరు తనే పెట్టుకున్న మనిషికి, తన పాట మీద ఆ పేరు రావడానికి ఇంత తతంగం కావలసి వచ్చింది.

పెగ్గీ అన్న మైక్ సీగర్ టేపు రికార్డర్ తీసుకుని కాటన్ గారి ఇంటికే వెళ్ళి ఆమె పాటలు రికార్డు చేశాడు. 1958లో ఫోక్‌వేస్ కంపెనీ వాటిని ఎల్పీగా తెచ్చింది. 65 ఏళ్ళకి మొదటి రికార్డు. 1960లో మైక్‌తో కలిసి ఒక కాలేజీలో మొదటి కచేరీ. 1964లో న్యూపోర్ట్ జానపద ఉత్సవం. ఆ లోపే పీటర్, పాల్ అండ్ మేరీ లాంటి పెద్ద బృందాలు ఫ్రైట్ ట్రైన్ పాడేశాయి. గిటార్ నేర్చుకునే కుర్రాళ్ళు ఆ ఎల్పీ అరిగేదాకా పెట్టి, ఆ మోత ఎలా వస్తోందో తెలీక తల బద్దలుకొట్టుకున్నారు. తెలీదు మరి, వాళ్ళు తిన్నగా పట్టుకుని వెతుకుతున్నారు!

ఇక్కడితో కష్టాలు తీరాయని అనుకుంటాం. తీరలేదు. కచేరీలు మొదలైన తర్వాత కూడా చాలా ఏళ్ళు ఆమె ఇంటిపని మానలేదు. చప్పట్లతో ఇంటి అద్దె కట్టలేం కదా. 1967లో షేక్ షుగరీ అనే రికార్డు వచ్చింది. అందులో అదే పేరు గల పాటకి చరణాలు కట్టడంలో ఆమె మునిమనవలు, మునిమనవరాళ్ళు కూడా చెయ్యి వేశారు. పాడింది మునిమనవరాలు, పన్నెండేళ్ళ బ్రెండా. ముత్తవ్వ వాయిస్తుంటే, ముత్తవ్వ మొదటి పాట కట్టిన వయసులో ఉన్న పిల్ల పాడుతుంది. మీరు ఒక్కటే వినదలుచుకుంటే ఆ పాట వినండి.

1978లో సంగీతం మీద వచ్చిన డబ్బుతో న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో ఇల్లు కొనుక్కున్నారు. ఇన్నాళ్ళూ వేరేవాళ్ళ ఇళ్ళు శుభ్రం చేసిన మనిషికి 85 ఏళ్ళకి సొంత గుమ్మం. 1984లో అమెరికా ప్రభుత్వం సంప్రదాయ కళాకారులకి ఇచ్చే నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ వచ్చింది. 1985లో, 92 ఏళ్ళ వయసులో, ఎలిజబెత్ కాటన్ లైవ్ అనే ఆల్బమ్‌కి గ్రామీ అవార్డు అందుకున్నారు. 1987 జూన్ 29న కన్నుమూశారు. 2022లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమె పేరు చేర్చారు. కార్బరోలో ఆ రైలుకట్ట పక్కనే ఇప్పుడు సైకిళ్ళ దారి ఒకటుంది. దానికి ఆమె పేరే పెట్టారు.

ఈ కథ చెప్పేవాళ్ళలో చాలామంది చివర్లో, నేర్చుకోవడానికి వయసు అడ్డు కాదు, ఎప్పుడైనా మొదలుపెట్టొచ్చు అని ముగిస్తారు. అది నిజమే, కానీ నాకు అంతటితో సరిపోలేదు. ఆమె మళ్ళీ మొదలుపెట్టారని మనం సంతోషిస్తాం. మధ్యలో పోయిన పాతికేళ్ళలో ఎన్ని పాటలు పుట్టకుండా పోయాయో ఎవరు లెక్క కడతారు? ఆ దుకాణంలో ఆ రోజు పిల్ల తప్పిపోకపోతే? తప్పిపోయింది ఇంకెవరి పిల్లో అయితే? వంటింటి గోడకి గిటార్ బదులు క్యాలెండర్ ఉంటే?

ఇంకో సంగతి కూడా గమనించాను. ఆమెకి రెండుసార్లూ గురువు లేరు, పుస్తకం లేదు, మరీ ప్రోత్సహించినవాళ్ళూ లేరు. రెండుసార్లూ ఉన్నది మాత్రం ఒక్కటే: చేతికి అందే దూరంలో ఒక వాద్యం. మొదటిసారి అన్న బాంజో. రెండోసారి గోడ మీద గిటార్. తాళం వేసిన బీరువాలో ఉంటే ఆ పిల్లా తీసేది కాదు, ఆ పనిమనిషీ తీసేది కాదు. అటక మీద ఉన్నదాన్ని నిచ్చెన వేసుకుని ఎవరూ రోజూ దించుకోరు. అందులోనూ పొద్దున్నుంచి రాత్రిదాకా పనుండే ఆడవాళ్ళు అసలు దించుకోరు. పది నిమిషాలు దొరికినప్పుడు చెయ్యి చాపితే అందాలి.

అందుకని నేను రెండు పనులు చేశాను. ఇంట్లో గిటార్‌ని సంచిలోంచి తీసి హాల్లో గోడకి తగిలించాను. అది చూసి అమ్మమ్మ ఏమీ అనలేదు కానీ, వీణకి తీగలు ఇప్పుడు ఎక్కడ దొరుకుతాయని నాన్నని అడిగింది. మైలాపూర్‌లో దొరుకుతాయని నాన్న చెప్పాడు. ఇంకా వెళ్ళలేదు, ఈ నెలలో వెళ్ళాలి.

రెండోది మీ కోసం. శుక్రవారాల్లో మన రెండో సంవత్సరం వాళ్ళకి చివరి పీరియడ్ లేదు. ఆ రోజు గిటార్ తెస్తాను. ఈ గోడపత్రిక పక్కన పాత మ్యాప్ తగిలించిన మేకు ఒకటి ఖాళీగా ఉంది, మేడమ్‌ని అడిగాను, సరేనన్నారు. ఎవరైనా తీసి మీటొచ్చు. రాకపోయినా ఫరవాలేదు, తీగ తెగినా దాక్కోవక్కర్లేదు, నా దగ్గర ఇంకో సెట్టు ఉంది. ఎడమచేతి వాటం వాళ్ళు తిప్పి పట్టుకోండి. చెయ్యి మార్చమని నేనైతే చెప్పను.